చచ్చినవాళ్ల వరసలో చోటు

ఆ రోజుల్లో మా ఊళ్లో చావటం చాలా తేలిక. ఎండాకాలం సాయంత్రమైతే చాలు, ఎండిపోయిన గుండ్లకమ్మ ఇసకలో ఒకరి తరవాత ఒకరం చచ్చి, దీపాలు పెట్టే వేళకు ఒంటికంటిన ఇసక దులుపుకొని, ఆకలి ఆకలి అంటూ ఇళ్లకు పోయేవాళ్లం. చచ్చినందుకు ఎవరూ ఏడ్చేవాళ్లు కాదు. మా అమ్మ జొన్న సంగటి ముద్ద కంచంలో వేస్తూ, "ఈపొద్దు ఎన్నిసార్లు చచ్చినావు రా?" అని అడిగేది. చెప్పేవాణ్ణి. "అంతేనా?" అనేది. ఇప్పుడు మనవలకు ఈ మాట చెబితే భయపడుతున్నారు. ఆ మాట మాకు అప్పుడు ఎంత మామూలుదో, ఇన్నేళ్ల తరవాత, ఇందరు పోయిన తరవాత, నాకే నమ్మబుద్ధి కావటం లేదు.

నేను చెబుతున్నది చెడుగుడు గురించి. ఇప్పుడు దాన్ని కబడ్డీ అంటున్నారు, టీవీలో చూపిస్తున్నారు, దొరికినవాణ్ణి ఔట్ అంటున్నారు. మాకు ఔట్ తెలియదు. గీత దాటి వచ్చినవాడు ఊపిరి తియ్యకుండా కూత పెడుతూ మాలో ఒకణ్ణి తాకి తిరిగి తన గీత చేరుకుంటే, తాకించుకున్నవాడు చచ్చినట్టు. అట్లా చేరనివ్వకుండా పట్టుకొని కూత ఆగేదాకా ఆపగలిగితే, వచ్చినవాడే చచ్చినట్టు. చచ్చినవాడు పోయి బయట వరసలో కూర్చోవాలి. అవతలి జట్టులో ఒకడు చచ్చినప్పుడల్లా ఇవతలి వరసలో మొదట కూర్చున్నవాడు బతికి లోపలికి వస్తాడు. అంతే ఆట. ఇసకలో గీస్తే గీత నిలవదు కాబట్టి, మార్కాపురం గనుల దగ్గర పారేసిన పలక ముక్కలు ఏరుకొచ్చి వరసగా పరిచి, దాన్నే గీత అనుకునేవాళ్లం. కాలు తగిలితే టక్కుమనేది.

మా జట్టులో అందరికంటే ముందు చచ్చేది నేను. నాకు రెండు కాళ్లూ బాగానే ఉండేవి. ఊపిరే చాలేది కాదు. కూత మొదలుపెట్టి అవతలివాళ్ల మొహాలు సరిగ్గా చూసేలోపలే అయిపోయేది. మా నాయకుడు నా మేనమామ కొడుకు, మాకందరికీ బావ. ఎవరినైనా కూతకు పంపేటప్పుడు "పోయి రా" అనేవాడు. నన్ను మాత్రం "పో" అనేవాడు. (నాకది అన్యాయంగా తోచేది. ఇప్పుడు ఆలోచిస్తే, అబద్ధం చెప్పటం ఇష్టంలేని మనిషి అనిపిస్తుంది.) ముందుగా చచ్చేవాణ్ణి కాబట్టి చచ్చినవాళ్ల వరసలో మొదటి చోటు ఎప్పుడూ నాదే. ఆ చోటు తక్కువదేమీ కాదు. ఏటి గట్టు నీడ అక్కడికి ముందుగా వచ్చేది. ఎవరిదో ఒకరి తువ్వాలులో వేరుశనక్కాయలు ఉండేవి. అవి ఒలుచుకు తింటూ, ఇంకా బతికి ఉన్నవాళ్లను చూసి నవ్వుతూ, ఊళ్లో సంగతులన్నీ అక్కడే చెప్పుకునేవాళ్లం. నాకు తెలిసిన లోకజ్ఞానంలో చాలా భాగం ఆ వరసలోనే వచ్చింది.

ఊరు మొత్తంలో ఆ వరసలో ఎన్నడూ కూర్చోనివాడు ఒక్కడే, మా పెద్దమ్మ కొడుకు పండన్న.

పండన్నకు చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఎడమ చెయ్యి మోకాలి మీద ఆనించి, ఒంగుతూ లేస్తూ నడిచేవాడు. కొత్తగా చూసేవాళ్లకు, అడుగడుక్కీ ఎవరికో దండం పెడుతున్నట్టు ఉండేది. వాళ్లది గొర్రెల ఇల్లు. పెదనాయన మందను తోలుకొని నల్లమల అంచులకు పోతే, పండన్న ఇంట్లో గొర్రెబొచ్చుతో గొంగళ్లు నేసేవాడు. ఆ పని వల్ల చేతులు మాత్రం మా అందరి చేతుల కంటే రెట్టింపు ఉండేవి. చెయ్యి పట్టుకున్నాడంటే వాడు వదిలేదాకా మనం మాట్లాడుకుంటూ నిలబడాల్సిందే.

చిన్నప్పుడు అందరూ ఆడుకుంటుంటే వాడు గట్టు మీద కూర్చొని ఏడుస్తున్నాడని ఎవరో చెబితే పెద్దమ్మ కట్టె చేతపట్టుకొని ఏట్లోకి వచ్చింది. "నా కొడుకును గూడా ఆడించుకోండి" అంది. సరే అన్నాం. "కింద పడేసినారంటే మాత్రం ఒక్కొక్కని కాలూ వాని కాలు మాదిరి చేస్తా" అంది. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎట్లా నెరవేర్చాలో మాకు తెలియలేదు. బావ ఆలోచించి వాణ్ణి ఆటలో అరటిపండు చేశాడు.

పసిపిల్లలు ఆటకు వస్తామని ఏడిస్తే, చేర్చుకున్నట్టే చేర్చుకొని లెక్కలో లేకుండా చెయ్యటానికి ఎవరో కనిపెట్టిన ఉపాయం అది. అరటిపండును ఎవరు తాకినా వాడు చావడు. వాడు ఎవరిని తాకినా వాళ్లు చావరు. వాడి సంతోషం కోసం వాడు ఆడతాడు, మన ఆట మనం ఆడతాం. (అన్ని పండ్లుండగా అరటిపండే ఎందుకైందో నాకు తెలియదు. కంభం చెరువు కింద తప్ప మా మెట్టలో అరటి చెట్టే కనపడదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గితేనో, ఊళ్లో పెళ్లి జరిగితేనో ఆ పండు మొహం చూసేవాళ్లం. సీతాఫలం అని పెట్టి ఉంటే మాకు దగ్గరగా ఉండేది.) మామూలుగా అరటిపండు పదవి ఒకటి రెండేళ్లలో పోతుంది. పిల్లవాడు కాస్త ఎదిగి ఒకనాడు నిజంగా చస్తాడు, వాడి స్థానంలో ఇంకో పసివాడు వస్తాడు. పండన్నకు మాత్రం అది పోలేదు. నిక్కరు పోయి పంచె వచ్చింది, గొంతు మారింది, మీసాలు వచ్చాయి. పదవి అట్లాగే ఉండిపోయింది. మొదట అరటిపండు అని పిలిచేవాళ్లం, తరవాత అది పండు అయింది, చిన్నవాళ్లకు పండన్న అయింది. వాడి అసలు పేరు పెద్దమ్మ కూడా మరిచిపోయిందని మా నమ్మకం.

ఒకరోజు ఇద్దరం గట్టు మీద కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి అడిగాడు.

"చచ్చేటప్పుడు ఎట్లుంటాది రా?"

"ఏముంటాది, పోయి కూర్చుంటాం."

"కూర్చునేది గాదు. వాడు తాకినప్పుడు."

ఆలోచించాను. అంతవరకూ ఎవరూ నన్ను అడగలేదు. "ఛ, అనిపిస్తాది" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"నాకు ఆ ఛ అనేది ఒక్కసారన్నా అనుకోవాలని ఉంది రా" అన్నాడు. "ఆ వరసలోకొచ్చి కూర్చుందామంటే, నువ్వు చావలేదు గదన్నా, లోపలుండు పో అంటారు మీరు. వేరుశనక్కాయలు గూడా ఇయ్యరు" అన్నాడు.

నిజమే. ఇచ్చేవాళ్లం కాదు. చచ్చినవాళ్లకే అని నియమం.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కర్నూలు రాజధాని. మేము కర్నూలు జిల్లావాళ్లం కాబట్టి రాజధానివాళ్లం అని బావ వాదన. (మాలో ఎవరూ కర్నూలు చూడలేదు. చూద్దామని అనుకుంటుండగానే రాజధానిని హైదరాబాదుకు తీసుకుపోయారు.) గిద్దలూరు బడికి కొత్తగా ఒక డ్రిల్లు మాస్టరు వచ్చాడు. ఆయన గుంటూరు వైపు మనిషి. తెల్ల నిక్కరు, మెడలో ఈల, మాట చివర "అండీ" ఉండేవి. చుట్టుపక్కల ఊళ్లలో చెడుగుడు ఆడే జట్లను చూసి, గెలిచినవాళ్లను గిద్దలూరు బడి మైదానంలో జనం ముందు ఆడిస్తానన్నాడు. మాకూ, ఏటి అవతలి ఊరికీ పోటీ పెట్టాడు. మైదానం అన్న మాట మేము వినడం అదే మొదటిసారి. దాన్ని చూడటం కోసమైనా గెలవాలనుకున్నాం.

పోటీ నాడు మా జట్టులో ఒకడు తగ్గాడు. కొత్తగా పెళ్లయినవాడు, అత్తగారి ఊరు కొనకనమిట్లకు పోయి, పొద్దున బస్సుకు వస్తానన్నవాడు రాలేదు. (సాయంత్రం బస్సుకూ రాలేదు. వారం తరవాత వచ్చి, బస్సు తప్పిపోయిందన్నాడు.) మాస్టరు రెండు జట్లనూ ఎదురెదురుగా నిలబెట్టి చూశాడు. మా చివర మోకాలి మీద చెయ్యి ఆనించి నిలబడ్డ పండన్న కనిపించాడు.

"ఇతనెవరండీ?"

"అరటిపండు సార్" అన్నాడు బావ.

"ఇప్పుడేమీ వద్దు. ఆటయ్యాక తింటాను. ఇతను ఎవరని అడుగుతున్నాను."

"అదే సార్ చెప్తాండా. అరటిపండు."

"పేరా?"

"పేరు గాదు సార్. ఆటలో అరటిపండు. ఉంటాడు గానీ ఉండడు."

మాస్టరు ఈల నోట్లో నుంచి తీశాడు. మేము ఒకరి మాట మీద ఒకరం పడి వివరించాం. అంతా విని తల అడ్డంగా ఊపాడు. "అట్లాంటిదేమీ లేదయ్యా ఆటలో. గీత లోపల ఉంటే ఆటగాడు. లేకపోతే బయట కూర్చుని చూసేవాడు. ఈ రెండిటి మధ్య ఇంకోటి లేదు. మీకు ఎట్లాగూ ఒక మనిషి తక్కువ. ఇతను ఆడతాడా, ఆడడా?"

"ఆడతా సార్" అన్నాడు పండన్న. బావ నోరు తెరిచేలోపలే.

బావ మొహం పాలిపోయింది. పెద్దమ్మ కట్టె వాడి కళ్ల ముందు ఆడి ఉంటుంది. మాస్టరు పలక ముక్కలు సరిగ్గా పేరుస్తుండగా, బావ మెల్లగా అవతలి జట్టు దగ్గరికి పోవటం చూశాను. వాళ్ల నాయకుణ్ణి పిడుగు అనేవాళ్లు. పొట్టివాడు, నల్లనివాడు, ఎటు నుంచి వచ్చి తాకుతాడో తెలిసేది కాదు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకొని ఏదో మాట్లాడుకున్నారు. పిడుగు తలూపాడు. నేను అవి మర్యాద మాటలనుకున్నాను.

ఆ సాయంత్రం నాకు కలలాగా గుర్తుంటుంది. కలలాగా అంటే అందంగా అని కాదు. కొన్ని చాలా స్పష్టంగా, కొన్ని అసలు లేకుండా. గట్టు మీద ఎంతమంది ఉన్నారో గుర్తులేదు. ఇసక వేడి తగ్గుతూ అరికాళ్లకు ఎట్లా తగిలిందో గుర్తుంది. ఎవరి కూత ఎవరిదో ఇప్పటికీ కళ్లు మూసుకుంటే చెప్పగలను.

మొదట నేను చచ్చాను. అది ఎవరూ పట్టించుకోలేదు. మాస్టరు ఈల ఊది "అవుట్" అంటే, ఆ మాట కొత్త కాబట్టి కాసేపు అక్కడే నిలబడ్డాను. "చచ్చినావు పో" అని బావ అన్నాక అర్థమైంది. పోయి వరసలో మొదటి చోట కూర్చున్నాను. తరవాత ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చోవటం మొదలుపెట్టారు. పిడుగు ఆ రోజు ఆగేట్టు లేడు. చివరికి బావ కూడా వచ్చి కూర్చున్నాడు. లోపల పండన్న ఒక్కడే మిగిలాడు.

అక్కడి నుంచి ఆట ఆగిపోయింది. అంటే, జరుగుతూనే ఉంది కానీ కదలలేదు. పిడుగు కూత పెడుతూ వస్తాడు. పండన్న చుట్టూ తిరుగుతాడు. చెయ్యి చాపడు. ఊపిరి అయిపోయే లోపల తిరిగి పోతాడు. ఇంకొకడు వస్తాడు, వాడూ అంతే. మధ్యలో పండన్న వంతు. వాడి కూత చాలా పొడుగు, గొర్రెల్ని అదిలించిన గొంతు అది. ఒంగుతూ లేస్తూ కూత పెడుతూ పోతుంటే అవతలివాళ్లు కింద పెట్టిన దీపానికి దూరం జరిగినట్టు వెనక్కి జరిగేవాళ్లు. ఒకసారి ఒకడు మరీ వెనక్కి జరిగి సరిహద్దు దాటాడు. మాస్టరు ఈల ఊదాడు. వాడు చచ్చాడు కాబట్టి మా వరసలో మొదటివాణ్ణి నేను బతికాను. లోపలికి పోయి పండన్న పక్కన నిలబడ్డాను. "భయపడగాకు, నేనుండా" అన్నాను. పిడుగు వచ్చి నన్ను తాకి పోయాడు. వరసలో నేను లేచి పోయిన చోటు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ జట్టు వాళ్లలో ఎవరు నవ్వినా ఊరుకుందును, మా బావ నవ్వాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు మాస్టరు. "ఆటా, ప్రదక్షిణమా?"

పండన్నకు అప్పటికి అర్థమైంది. మళ్లీ కూత పెట్టుకుంటూ వచ్చిన పిడుగును చూసి, ఇసకలో కూర్చున్నాడు. "నేను లెయ్యను" అన్నాడు. పిడుగు కూత ఆపి నిలబడ్డాడు. (నియమం ప్రకారం అప్పుడే వాడు చచ్చినట్టు. ఆ సంగతి మాస్టరుతో సహా ఎవరికీ గుర్తు రాలేదు.)

"నన్ను తాకొద్దని ఎవురు చెప్పినారు?" అన్నాడు పండన్న.

పిడుగు బావ వైపు చూశాడు. "మీ బావే చెప్పినాడన్నా. మీ అమ్మకు మాటిచ్చినాడంట. అయినా నిన్ను చంపితే మాకేం పేరన్నా? మా ఊళ్లో ఆడోళ్లు మొహాన ఉమ్మేస్తారు."

బావ వరసలో నుంచి లేచాడు. "దెబ్బ తగిలితే మీ అమ్మకు నేనేం చెప్పేది రా పండూ?"

"తగలనీ. నీకు తగల్లేదా? ఆ మోచెయ్యి ఎప్పుడు కొట్టుకపోయింది నీకు? వీనికి తగల్లేదా?" అని నన్ను చూపించాడు. "వీడు దినాం చస్తాండాడు. ఏమైంది వీనికి? గుండ్రాయి మాదిరి ఉండాడు."

బావ తన మోచెయ్యి తడుముకున్నాడు.

"ఇన్నాళ్లూ నన్ను బతికిచ్చినారు బావా. చాల్లే" అన్నాడు. గొంతు పెంచలేదు. మామూలుగా, గొంగడి బేరం కుదరనప్పుడు చెప్పినట్టు చెప్పాడు.

మాస్టరు ఈ భాష పూర్తిగా తెలిసినవాడు కాదు. కానీ ఆయనకు అర్థమైంది. పిడుగు వైపు తిరిగి, "గీత లోపల ఉన్న మనిషిని తాకకపోతే మీరే ఓడిపోయారని చెప్పేస్తాను. వెళ్లి మొదటి నుంచి కూత పెట్టుకుని రండి" అన్నాడు.

పిడుగు గీత దాకా పోయి ఆగాడు. "తాకతాలే అన్నా. చిన్నగా తాకతా" అన్నాడు.

"చిన్నగా తాకితే పెద్దగా పడతావు" అన్నాడు పండన్న, లేస్తూ.

పిడుగు నవ్వాడు. మొహంలో నుంచి ఆ జాలి పోయింది. మోకాళ్లు వంచి, చేతులు చాచి, కూత ఎత్తుకున్నాడు. ఈసారి చుట్టూ తిరగలేదు. కుడి వైపు వస్తున్నట్టు వచ్చి, ఎడమ వైపు, ఆ సన్న కాలి వైపు, నేల మీదికి జారి భుజాన్ని చరిచాడు. చప్పుడు మాకు వినిపించింది. చిన్నదేమీ కాదు. వెనక్కి తిరిగేలోపల పండన్న ముందుకు పడి, రెండు చేతులతో వాడి మడమ పట్టుకున్నాడు.

చెప్పాను కదా, ఆ చేతులు పట్టుకుంటే వదలవు. పిడుగు బోర్లా పడ్డాడు. కూత ఆపలేదు. మోచేతులతో ఇసకను తవ్వుకుంటూ గీత వైపు పాకుతున్నాడు. వెనకాల పండన్న, కాలికి కట్టిన మొద్దులాగా, వాడితో పాటు ఈడ్చుకుపోతున్నాడు. నోట్లో, ముక్కులో ఇసక. వరసలో మేమందరం లేచి నిలబడి అరుస్తున్నాం. ఏమని అరిచామో గుర్తులేదు. గట్టు మీది జనం కూడా అరుస్తున్నారు. వాళ్ల ఊరివాళ్లూ మా ఊరివాళ్లూ ఒకటే మాట అరిచినట్టు నాకు అనిపించింది, కానీ అది ఎట్లా సాధ్యం? పొద్దు గూకింది, గీత కనపడటం లేదు. పిడుగు కూత సన్నబడి, దారమంత అయి, ఇక తెగిపోతుందనగా, చెయ్యి చాచాడు.

టక్కుమంది. పలక ముక్క.

మాస్టరు ఈల ఊదాడు. అందరం ఆగిపోయాం. పండన్న ఇసకలో బోర్లా పడుకొని ఉన్నాడు. ఇంకా మడమ వదల్లేదు. తల ఎత్తి ఇసక ఉమ్మి, "చచ్చినానా సార్?" అని అడిగాడు.

"అవుటయ్యా."

"అది గాదు సార్. చచ్చినానా?"

మాస్టరు కాస్త తటపటాయించాడు. "చచ్చావయ్యా" అన్నాడు.

పండన్న పిడుగు కాలు వదిలాడు. వెల్లకిలా తిరిగి ఆకాశం వైపు చూస్తూ, "ఛ" అన్నాడు. ఆ ఒక్క అక్షరం అంత సంతోషంగా ఎవరి నోటా నేను వినలేదు.

మేము ఓడిపోయాం. మైదానం పోయింది, గిద్దలూరు పోయింది. పండన్న లేచి, మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా మా దగ్గరికి వచ్చి వరస చివర కూర్చున్నాడు. మేము ఆట అయిపోయింది కదా అని లేవబోయాం. "కూర్చోండి రా, ఇప్పుడే గదా వచ్చింది" అన్నాడు. కూర్చున్నాం. బావ తువ్వాలు విప్పి వేరుశనక్కాయలు వాడి ఒళ్లో మొత్తం పోశాడు. పిడుగు కుంటుకుంటూ వచ్చి, చచ్చినవాడు కాకపోయినా, మా వరసలో కూర్చొని, మడమ మీద పడ్డ వేళ్ల గుర్తులు అందరికీ చూపించాడు. "ఏం చేతులన్నా అవి? పటకారా?" అన్నాడు. "నువ్వు ఇంకొంచెం పొట్టోడివైతే గీత అందకపోను" అన్నాడు పండన్న. చీకటి పడుతున్నా ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆలస్యమైతే పెద్దమ్మ ఎదురుచూస్తుందని, ముందు పోయి చెప్పి రమ్మని బావ నన్ను పంపాడు. (ఈసారి కూడా "పో" అనే అన్నాడు.) నేను పరుగెత్తాను. దారి పొడుగునా నాకు సంతోషం ఆగలేదు. పెద్దమ్మ ఇంటి ముందు గొర్రెలకు నీళ్లు పెడుతోంది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చొని ఉన్నారు. నేను దూరం నుంచే అరిచాను.

"పెద్దమ్మా! పండన్న చచ్చినాడు!"

పెద్దమ్మ చేతిలోని నీళ్ల బానె కింద పడింది.

నాకు చాలలేదు. "అందరికంటే ఆఖర్న చచ్చినాడు! భలే చచ్చినాడు! ఏటవతలోడు చంపినాడు!" అన్నాను.

తరవాత జరిగింది చెప్పటానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది. పెద్దమ్మ అక్కడే కూలబడింది. పక్కింటివాళ్లు గుండెలు బాదుకున్నారు. ఆ ఏడుపు విని వీధి వీధంతా వచ్చింది. చెడుగుడు, పెద్దమ్మా, చెడుగుడులో అని నేను ఎంత అరిచినా, ఆ ఏడుపులో నా గొంతు ఎవరికీ వినపడలేదు. (చెప్పాను కదా, నాకు ఊపిరి చాలదు.) అందరూ ఏడుస్తూ ఏటి వైపు నడిచారు. ముందు పెద్దమ్మ, ఇద్దరు పట్టుకొని. వెనక నేను, ఎవరి కొంగో పట్టుకొని లాగుతూ, "కాదు, కాదు" అంటూ.

ఊరి చివర మలుపులో వాళ్లు ఎదురయ్యారు. మా జట్టువాళ్లు నలుగురు పండన్నను భుజాల మీద పడుకోబెట్టుకొని మోసుకొస్తున్నారు. నడవలేక కాదు, గౌరవానికి. ముందు బావ కూత పెడుతున్నాడు. మసక చీకట్లో ఆ దృశ్యం చూసి, అప్పటిదాకా ఏడవని మగవాళ్లు కూడా ఏడ్చారు. పెద్దమ్మ ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు భుజాల మీదివాడు లేచి కూర్చొని, "అమ్మా, చచ్చినానే!" అన్నాడు, నవ్వుతూ.

ఎవరు ముందు అర్థం చేసుకున్నారో తెలియదు. నన్ను మాత్రం అందరూ కొట్టారు. పెద్దమ్మ కొట్టింది, పక్కింటావిడ కొట్టింది, సంగతి పూర్తిగా తెలియని ఒక ముసలాయన కూడా కొట్టాడు. బావను పెద్దమ్మ కట్టె పుచ్చుకొని వీధి చివరిదాకా తరిమింది. అంతా అయ్యాక, అరుగు మీద కొడుకు భుజానికి ఆముదం రాస్తూ, మెల్లగా అడిగింది.

"గట్టిగా పట్టుకున్న్యావా?"

"గట్టిగనే పట్టుకున్న్యా."

"మరి ఎట్ల పోయినాడు?"

"బాగా ఆడతాడమ్మా వాడు" అన్నాడు పండన్న.

మరుసటి ఎండాకాలం పెద్దమ్మ ఏట్లోకి వచ్చి, గట్టు మీద కూర్చొని చూసింది. కట్టె తేలేదు. పండన్న ఆ ఏడాది చాలాసార్లు చచ్చాడు. చంపాడు కూడా. వాడు మడమ పడతాడని చుట్టుపక్కల ఊళ్లకు తెలిసి, ఆ వైపు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ సమయానికి ఇంకో పసివాడు అరటిపండు అయ్యాడు. పేరు మాత్రం వీడికే ఉండిపోయింది.

పోయిన చలికాలంలో వాడి కొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, మా నాయన పోయినాడు" అన్నాడు. పోయాను. ఇల్లంతా జనం. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. బావ, పిడుగు, కొనకనమిట్ల అల్లుడు, అందరూ అంతకు ముందే పోయారు, ఆ వరసలో ఒక్కొక్కరే. నలుగురు వచ్చి పండన్నను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఊరి చివర మలుపు దాకా వెనకాల నడిచాను. ఇంత వయసొచ్చినవాణ్ణి, ఇన్ని చావులు చూసినవాణ్ణి, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి ఎదురుచూశాను. వాడు లేవలేదు.

ఇప్పుడు నాకు మోకాళ్లు వంగవు. నేనూ మోకాలి మీద చెయ్యి ఆనించే లేస్తున్నాను. నిన్న సాయంత్రం మనవలు వాకిట్లో పట్టుకునే ఆట ఏదో ఆడుతున్నారు. నన్నూ చేర్చుకోమన్నాను. చిన్న మనవరాలు అందరితో మాట్లాడి వచ్చి, "సరే తాతా, నువ్వు ఆటలో అరటిపండు" అంది.

"వద్దమ్మా. నన్ను నిజంగా ఆడించండి" అన్నాను.

"అమ్మ తిడతాది తాతా. నువ్వు పడిపోతావు."

"పడనీ."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే ఔటైతే ఏడవకూడదు" అంది.

ఏడవనని మాటిచ్చాను. ఆట మొదలైంది. అందరికంటే ముందు ఔటైంది నేనే. "ఛ" అన్నాను. వెళ్లి అరుగు మీద కూర్చొని, పక్కన వాళ్లకు చోటు ఉండేట్టు కొంచెం జరిగాను.